సులువు ఉపాయం, పోయిన చూపు

వల్లూరు పొలాల్లో త్రీ ఫేజ్ కరెంటు వచ్చిందని తెలుసుకోవడానికి బల్బు అక్కర్లేదండీ, చెవి చాలు. పెన్న ఒడ్డున నిలబడినా, పుష్పగిరి దారిలో నిలబడినా అంతే. స్టార్టరు డబ్బాలు ఒక్కసారిగా టక్కుమంటాయి. గాలిని ముందుకు తోసుకుంటూ పైపుల్లోకి నీళ్లు ఎక్కుతాయి. మనిషి పోయి వేస్తే ఒకటి ముందు, ఒకటి వెనక మొదలవ్వాలి గదా? ఇవి మాత్రం అన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. డబ్బాలో ‘ఆటో’ ఉంటుంది మరి. ఈ పూట మీతో ఆ చిన్న సామాను గురించే మాట్లాడాలని ఉంది. దాని వెంట నడిస్తే ఒక పెద్ద సంస్థ, ఒక పెద్ద ప్రభుత్వం, మన కాళ్ల కింది నీళ్లు అన్నీ తగులుతాయి.

ఆటో ఎందుకు వచ్చిందో మీకు తెలియనిది కాదు. అర్ధరాత్రి పన్నెండుకో, రెండుకో కరెంటు ఇచ్చే రోజుల్లో రైతు చీకట్లో గట్ల మీద నడిచిపోయి మోటరు వేయాల్సి వచ్చేది. గడ్డిలో పాము ఉంటుంది. తడి చేత్తో డబ్బా ముట్టుకుంటే షాకు కొడుతుంది. అట్లా మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు రాయలసీమలో ఎన్నో. అట్లాంటి రైతుకు, కరెంటు రాగానే దానంతటదే మోటరును లేపే పరికరం దొరికితే కొనకుండా ఎట్లా ఉంటాడు? కొనడమే న్యాయం. నేను దాన్ని తప్పు పట్టను.

అయితే మోటరుకు ఒక గుణం ఉంది. మామూలుగా తిరిగేటప్పుడు ఎంత కరెంటు తీసుకుంటుందో, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 5 హెచ్‌పీ మోటర్లు ఓ ఇరవై నడుస్తాయనుకుందాం. ఒకటొకటిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకుంటుంది. ఇరవై ఒకేసారి లేస్తే వోల్టేజీ కూలిపోతుంది. వోల్టేజీ తగ్గితే మోటరు తిరగలేక మూలుగుతూ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగు వేడెక్కి కాలిపోతుంది. రైతు దాన్ని బోరులోంచి పైకి లాగించి, ట్రాక్టరులో వేసుకుని ప్రొద్దుటూరుకో పులివెందులకో వైండింగు షాపుకు పోతాడు. తక్కువ వోల్టేజీని తట్టుకోవాలని లావు తీగ చుట్టించుకుంటాడు. ఆ మోటరు తట్టుకుంటుంది గానీ అంతకుముందుకంటే ఎక్కువ కరెంటు తింటుంది. పక్క పొలం రైతుకు వోల్టేజీ ఇంకొంచెం పడిపోతుంది. ఆయన కూడా షాపుకు పోతాడు. కొందరు 5 హెచ్‌పీ అని రాయించి ఏడున్నర దించుతారు. ఫ్యూజు మాటిమాటికి పోతోందని దాని బదులు లావు తీగ కడతారు. చివరికి ఒక రోజు ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది.

ఆ రోజు ఊళ్లో జరిగేది మీరూ చూసే ఉంటారు. చీనీ చెట్లు వాడుతుంటాయి, అరటి గెలలు సగంలో ఉంటాయి. రైతులు చందాలు వేసుకుంటారు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను తామే దించి ట్రాక్టరులో తీసుకుపోతారు, బాగుచేసింది ఇంకొకటి తెచ్చుకుని ఎక్కిస్తారు. లైన్‌మన్ అంటాడు, “అన్నా, ఆటోలు పీకేయండన్నా, లేకుంటే ఇది కూడా కాలిపోతాది.” రైతు అంటాడు, “పగలు కరెంటు ఇయ్యి అబ్బీ, నేనే పీకి పారేస్తా.” ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరి చేతిలోనూ ఏమీ లేదు. ఆటోలు అట్లాగే ఉంటాయి. కొత్తగా ఎక్కించిన ట్రాన్స్‌ఫార్మర్ తన రోజు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇట్లాంటి చుట్టుదారులను లెక్క కట్టి చూపించిన పెద్దాయన జే ఫారెస్టర్. అమెరికాలో ఎం.ఐ.టి. ఆచార్యుడు, వృత్తికి ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1950ల్లో ఆ యంత్రాల చదువును కంపెనీల నడకకు, ఆ తర్వాత నగరాల నడకకు పట్టించాడు. ఆయన దారిలోనే వచ్చిన పీటర్ సెంగే 1990లో ‘ది ఫిఫ్త్ డిసిప్లిన్’ అనే పుస్తకం రాశాడు. తక్షణం ఉపశమనం ఇచ్చి, కొంతకాలానికి అదే జబ్బును పెంచే మందులు సంస్థల్లో ఎట్లా పనిచేస్తాయో అందులో బొమ్మలు గీసి చూపించాడు. మన పెద్దలు కొరివితో తల గోక్కోవడం అన్నది దాన్నే. అయితే గోక్కున్నవాడి తలే కాలితే బుద్ధి త్వరగా వస్తుంది. సంస్థల్లో అట్లా కాదు. ఉపశమనం ఈ రోజు ఒకరికి, మంట రెండేళ్ల తర్వాత ఇంకొకరికి. అందుకని అది ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండదు.

ఇంతవరకు సెంగే పుస్తకంలో ఉన్నదే. ఈ కడప జిల్లా పొలాలను చూస్తుంటే నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. సులువు ఉపాయం వల్ల జబ్బు తిరిగి రావడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం, ఆ జబ్బును మనకు చూపించే కన్ను పోవడం. ఆటో లేని రోజుల్లో రైతు డబ్బా దగ్గర నిలబడి వోల్టేజీ ముల్లు చూసేవాడు. ముల్లు కింద ఉంటే కాసేపు ఆగేవాడు. పక్క మోటరు లేచి కుదురుకున్నాక తనది వేసేవాడు. ఎవరూ చెప్పకుండానే ఇరవై మంది మధ్య ఒక వరుస నడిచేది. ఆటో వచ్చాక అతను ఇంట్లో పడుకున్నాడు, హాయిగానే పడుకున్నాడు. ముల్లును చూసేవాడు మాత్రం లేకుండా పోయాడు.

కరెంటు ఆఫీసు వైపు కూడా ఇదే జరిగింది. 2004 నుంచి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నియమాల్లో ఒక గడువు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ పోతే పట్నంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలి. ఆలస్యమైతే వినియోగదారుడికి పరిహారం. మంచి నియమం, రైతు పక్షాన ఉన్న నియమం. కానీ పరిహారం ఆలస్యానికే. అదే స్తంభం మీద అదే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క వేసవిలో మూడుసార్లు కాలి, మూడుసార్లూ గడువులోపే మారితే నియమం ప్రకారం అంతా సవ్యంగా ఉన్నట్టే. ఉరుకులు పరుగుల మీద మార్చిన సిబ్బంది శ్రమ గొప్పదే. మూడోసారి ఎందుకు కాలిందని అడగాల్సిన మనిషికి ఆ శ్రమలో తీరిక ఎక్కడిది?

ఇంకొంచెం వెనక్కి పోదాం. వ్యవసాయ మోటర్లకు ఒకప్పుడు మీటర్లు ఉండేవి. లక్షల మోటర్లు, పొలానికొకటి, ఊరికి దూరంగా. ప్రతి నెలా పోయి రీడింగు తీసి బిల్లు వేయడానికయ్యే ఖర్చుతో పోలిస్తే వచ్చే డబ్బు ఏ మూలకూ చాలదు, పైగా రీడింగు తీసేవాడితో రైతుకు గొడవ. 1980ల మొదట్లో దానికొక సులువు దొరికింది. మీటరు తీసేసి, హెచ్‌పీకి ఇంత అని స్లాబు పెట్టారు. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో అది హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయలు. విద్యుత్ బోర్డుకు తిప్పలు తప్పాయి, రైతుకు బరువు తగ్గింది. ఆ రోజు అందరూ సంతోషించారు, సంతోషించడానికి కారణమూ ఉంది.

మీటరుతో పాటు వెళ్లిపోయింది ఏమిటో మెల్లగా తెలిసింది. రాష్ట్రంలో రైతులు ఎంత కరెంటు వాడుతున్నారో బోర్డుకు తెలియకుండా పోయింది. తెలియని అంకె పక్కన ఎన్ని దాచినా కనిపించవు. తీగల్లో పోయేది, దొంగతనంగా పోయేది, లెక్కకు రానిది ఎంతో కొంత ‘వ్యవసాయ వినియోగం’ అనే మాట కిందికి చేరింది. లోటు పెరిగింది. లోటు పెరిగితే తీగలు మార్చడానికి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడానికి డబ్బుండదు. పల్లె ఫీడరు నీరసించింది. 1998లో సంస్కరణల చట్టం వచ్చింది, 1999లో బోర్డును రెండు చేశారు, 2000లో పంపిణీ సంస్థలు పుట్టాయి. మన కడప జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత సంస్థ కిందికి వచ్చింది. ఆ ఏడే చార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద ఆందోళన చేస్తున్నవారిపై పోలీసు కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. నాలుగేళ్లకు, 2004 మే 14న, పులివెందుల నుంచి ఎదిగిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్ ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు.

ఆ సంతకాన్ని నేను చులకన చేయలేను. వరుస కరువుల్లో అప్పుల కింద నలిగిపోయిన రైతుకు అది ఊపిరి. ఆ రోజుల్లో ఈ జిల్లాలో బతికినవారికి దాని విలువ వేరేగా చెప్పనక్కర్లేదు. దానికి కొన్ని షరతులు కూడా పెట్టారని మాత్రం చాలామంది మరిచిపోయారు. మోటరుకు కెపాసిటరు ఉండాలి, ఐ.ఎస్.ఐ. గుర్తు పంపుసెట్టు వాడాలి, నీటి రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ పైపు పెట్టాలి. ఆ సంస్కరణ అసలు ప్రాణం ఆ షరతుల్లోనే ఉందని నా నమ్మకం. సంతకం మిగిలింది, షరతులు జారిపోయాయి.

కెపాసిటరు సంగతి చూడండి. ఇరవై మందిలో నేనొక్కడినే పెట్టుకుంటే నాకు వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు. వోల్టేజీ బాగుపడాలంటే ఇరవై మందీ పెట్టాలి. ఒకడు పెట్టి, అది కాలిపోయి, పక్కవాడు పెట్టలేదని తెలిసిన తర్వాత మళ్లీ ఎందుకు పెడతాడు? ఏ ఒక్కరి మంచితనంతోనూ ఇది తీరదు. ఆటోల్లోనే కొన్నిటికి ఆలస్యంగా మొదలయ్యే టైమరు ఉంటుంది. ఒకరిది ఒక నిమిషానికి, ఇంకొకరిది రెండు నిమిషాలకు, మరొకరిది మూడుకు పెట్టుకుంటే ఆ మొదటి దెబ్బ సగానికి పైగా తగ్గుతుంది. డబ్బు ఖర్చు లేని పని, కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది వాళ్లందరూ ఒక చోట కూర్చుని ఒప్పుకోవాలి. అందుకే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి మూడు నాలుగు మోటర్లకు ఒకటి చొప్పున 16, 25 కేవీఏవి పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి నాకు నచ్చుతుంది. అందులో సాంకేతిక లాభం ఎట్లాగూ ఉంది, హై టెన్షన్ తీగ పొలం దాకా వస్తే నష్టం తగ్గుతుంది. ఇంకో లాభం మనుషులది. నలుగురే ఉన్నప్పుడు ఎవరు ఎక్కువ హెచ్‌పీ దించారో మిగతా ముగ్గురికి తెలుస్తుంది. ఇరవై మందిలో పోయిన చూపు నలుగురిలో తిరిగి వస్తుంది.

ఇప్పుడు నేల కిందికి దిగుదాం. పులివెందుల, వేంపల్లె వైపు మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి, దాని పక్కన పలకరాయి, గట్టి ఇసుకరాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడి రాతి పొరలకు వేంపల్లె పేరే పెట్టారు, వాటి కుటుంబానికి పాపాఘ్ని పేరు. ఈ రాళ్లలో నీళ్లు చెరువులాగా పరుచుకుని ఉండవు. నెర్రెల్లో, సందుల్లో ఉంటాయి. జిల్లా సగటు వాన ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టూ, అందులో భూమిలోకి ఇంకేది కొంచెమే. తవ్వుడు బావి ఉన్న కాలంలో రైతు పొద్దున్నే బావిలోకి తొంగి చూసేవాడు. ఎన్ని మెట్లు బయటపడ్డాయో కళ్లకు కనిపించేది. నీళ్లు దిగితే వరి మడి తగ్గించి శెనక్కాయ వేసేవాడు. ఆ నిర్ణయం చెప్పడానికి ఏ అధికారీ రావాల్సిన పని లేదు.

బావి ఎండగానే బోరు అన్నాం. బోరుబండి రాత్రికి రాత్రి వచ్చి వేసి పోయింది, నీళ్లు పడ్డాయి, ఇల్లంతా పండగ. కానీ ఆరున్నర అంగుళాల గొట్టంలోకి తొంగి చూస్తే ఏం కనిపిస్తుంది? నీళ్లు ఎంత దిగాయో మోటరు గాలి కొట్టేదాకా తెలియదు. తెలిసిన రోజు చేయగలిగింది ఇంకా లోతుకు పోవడమే. నా బోరు లోతైతే పక్కవాడిది ఎండుతుంది. వాడిది నాకంటే లోతుకు పోతుంది. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. బోరు వేయడానికి అనుమతి కావాలంది, బోరుకు బోరుకు మధ్య దూరం ఉండాలంది. అప్పు చేసి తోట పెట్టినవాడు ఎండిపోతున్న చెట్లను చూస్తూ అనుమతి కోసం ఆగుతాడా? ఆగడు.

2003లో మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టుతో డ్రిప్పు వచ్చింది. ఎకరానికి పట్టే నీళ్లు నిజంగానే తగ్గాయి. మిగిలిన నీళ్లు భూమిలోనే ఉంటే ఎంత బాగుండేది! కానీ డ్రిప్పు పెట్టిన రైతు మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు పారించాడు. అతనికి పిల్లల చదువులున్నాయి, అప్పులున్నాయి, అతను చేసింది సహజం. కానీ ప్రాజెక్టు లెక్కలో డ్రిప్పు పరిచిన ఎకరాలే పడ్డాయి. భూమిలో ఎంత మిగిలిందనే గడి ఆ పుస్తకంలో లేదు. ఇప్పుడు గండికోట నుంచి ఎత్తిపోతలతో చిత్రావతి, పైడిపాళెం జలాశయాలకు కృష్ణా నీళ్లు చేరుతున్నాయి. చూస్తుంటే కడుపు నిండుతుంది. నా బెంగ ఒక్కటే. పైనుంచి నీళ్లొచ్చాయి గదా అని కింద లెక్క చూడడం మానేస్తామేమో.

లెక్క చూడడం మానేస్తే ఏమవుతుందో మన వల్లూరు మండలంలోనే ఒక పాత పాఠం ఉంది. ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర పెన్న నీళ్లు మళ్లించుకుని కడప వైపు పోయే కేసీ (కర్నూలు-కడప) కాలువను మొదట తవ్వించింది ప్రభుత్వం కాదు, లండన్ వాటాదారుల మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. 1863లో ఒప్పందం. పెట్టుబడి త్వరగా రావాలని ప్రభుత్వం ఒక సులువు చేసింది. పది లక్షల పౌన్ల మీద ఏడాదికి 5 శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చింది. కాలువ పారినా పారకున్నా వడ్డీ వస్తుంది. డబ్బు వెంటనే వచ్చింది. మరి వాటాదారుడికి కాలువ మొదలయ్యే సుంకేశుల ఎక్కడుందో, దారి పొడుగునా ఉన్నది నల్లరేగడి నేలనీ, మామూలు ఏడాది అక్కడి రైతు కాలువ నీళ్లు కోరడనీ తెలుసుకోవాల్సిన అవసరం ఏముంది? ఖర్చు అనుకున్నది దాటింది. పడవలు నడుస్తాయనుకున్నారు, ఆ ముచ్చట 1933తో ముగిసింది. అంతకు ముందే, 1882లో, ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనుక్కోవాల్సి వచ్చింది. కాలువ మంచిదే. నూట యాభై ఏళ్లుగా ఎన్నో ఊళ్లకు అన్నం పెట్టింది. చెడ్డది ఆ గ్యారంటీ, చూడాల్సిన వాడికి చూడాల్సిన పని లేకుండా చేసింది గనుక.

ఇక నాకు చాలా ఇష్టమైన సంగతి చెబుతాను. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతనే భూగర్భ జలాలను చూసుకునేలా చేసే పథకం ఒకటి నడిచింది. నంద్యాల స్వచ్ఛంద సంస్థ బర్డ్స్ ముందు నిలబడింది. మొదట నెదర్లాండ్స్, తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ డబ్బు ఇచ్చాయి. అనంతపురం, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండలతో పాటు మన కడప కూడా అందులో ఉంది. ఆ పథకం సబ్సిడీ ఇవ్వలేదు, బోరు వేయొద్దని ఎవరినీ ఆపలేదు. ఊరి రైతులకు, అందులో బాగా చదువుకోని ఆడవాళ్లకు కూడా, వానను కొలవడం నేర్పింది. పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలోకి కొలత తీగ దించి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూడడం నేర్పింది. ఆ అంకెలు ఊళ్లో గోడ మీద రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఈ ఏడు భూమిలోకి ఇంత దిగింది, మనం వేయాలనుకుంటున్న పంటలకు ఇంత కావాలి అని కూడికలు తీసివేతలు వేసుకునేవారు. ఆ తర్వాత ఎవరి పొలం వాళ్లిష్టం. ఎవరికీ జరిమానా లేదు. అయినా చాలా ఊళ్లలో రైతులు వరి తగ్గించి, తక్కువ నీళ్ల పంటలకు మళ్లారు. ప్రపంచ బ్యాంకు 2010లో భారతదేశ భూగర్భ జలాల మీద వెలువరించిన నివేదికలో ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది. నాకైతే ఆ మెప్పుకంటే గోడ మీది అంకెలే గొప్పగా తోస్తాయి. బావిలోకి తొంగి చూసే అలవాటును బోరుకు తెచ్చిపెట్టింది ఆ గోడే.

మీరు అడుగుతారు, మరి మోటర్లకు మీటర్లు పెడితే తప్పేముంది అని. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆ పనే తలపెట్టింది, శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టింది. రైతు సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఇవాళ మీటరు, రేపు బిల్లు అన్నారు. 2000లో జరిగింది కళ్లారా చూసినవారికి ఆ భయం అక్రమం కాదు. నా మనసులో మాట చెప్పమంటే, కొలత కావాలి, కానీ ఆ అంకె ముందుగా కనిపించాల్సింది రైతుకు. తిరుపతిలో కంప్యూటరుకు చేరే అంకె ఆఫీసు కన్ను. దాంతో ఆఫీసు లోటు తెలుస్తుంది, ఆ తెలియడమూ అవసరమే. పొలంలో ఏం జరుగుతోందో మాత్రం తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం దగ్గరే ఒక రేకు పలక కట్టి, దీని కింద ఎన్ని మోటర్లు, అసలు హెచ్‌పీ ఎంత, ఈ ఏడు ఎంత కరెంటు తాగింది, ఇప్పటికి ఎన్నిసార్లు కాలింది అని రాయమనండి. రాసేది ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతే కావాలి, సంతకం లైన్‌మన్‌ది. మండలానికి ఒక ఊళ్లో, ఒక రబీకి మొదలుపెడితే చాలు. మీ ఊరు ముందుకొస్తే చెప్పండి, వల్లూరు నుంచి ఆ పలక రాయించే ఖర్చుకు నా చందా నేనిస్తాను.